మా మేనత్త ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు మా నాన్న ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. కృష్ణానగర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఊరు వదిలి వచ్చినా, పెళ్లి మాటలు మాత్రం కోనసీమలోని మా ఊరి కట్టుబాటు ప్రకారమే నడిచేవి. మేనరికం ఉండగా బయటి సంబంధం చూస్తే తోబుట్టువును అవమానించినట్టే. మా అక్క పుట్టిన రోజే ఆమెను మేనత్త కొడుక్కి అనుకున్నారు.

అక్క ఇంటర్ పాసై నర్సింగులో సీటు తెచ్చుకున్న ఏడాది, ముహూర్తం పెట్టుకోవడానికి తాతయ్య, మేనత్త, బావ ఊరినుంచి వచ్చారు. నాన్న చదువు మాట ఎత్తబోతే తాతయ్య వినిపించుకోలేదు. అక్క సీటు కాగితం పట్టుకుని గది మూలన నిలబడిపోయింది.

అప్పుడు మేనత్త నోరు విప్పింది. ఆమెను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. పుట్టిన ముగ్గురిలో బావ ఒక్కడే దక్కాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

"ఈ పెళ్లి కుదరదు నాన్నా," అంది నెమ్మదిగా. "వదినకి జొరమొచ్చినప్పుడు ఈ పిల్లకి నెల్లాళ్లు నేనే పాలిచ్చాను. నా పాలు తాగిన పిల్ల నా కొడుక్కి చెల్లెలవుద్ది గానీ, పెళ్లామెలా అవుద్ది?"

తాతయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ తల వంచుకుని, "నిజమేనండి మావయ్యగారూ," అంది.  అయితే వాళ్లు అన్నాచెల్లెళ్లేనని తాతయ్య తేల్చేశాడు. బావ ముఖం కూడా తేటపడింది. అక్కను హాస్టల్‌లో చేర్చినరోజు ట్రంకుపెట్టె మోసింది అతనే.

ముహూర్తానికని వచ్చిన తాతయ్యావాళ్లను తిరిగి బస్సు ఎక్కించడానికి యూసుఫ్‌గూడ దాకా వెళ్లినప్పుడు, అది నిజమేనా అని అత్తను అడిగాను.

"కాదమ్మా," అంది నా జడ సవరిస్తూ. "పిల్లనడిగే హక్కు నాదైనప్పుడు, వద్దనే హక్కూ నాదే కదా."

అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సయింది. మా ఊళ్లో మరో ఇద్దరు ముగ్గురు తల్లులకు కూడా తాము ఎప్పుడో పాలిచ్చిన సంగతి గుర్తొచ్చింది! ఇప్పుడు ఎవరికీ ఆ సాకు అక్కర్లేదు.

మొన్న మా తమ్ముడు తన కొడుక్కి నా కూతుర్ని అడిగాడు. ముందు నా కూతుర్ని అడిగాను. వద్దంది. ఆ మాటే తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు నవ్వేసి, మా ఇంట్లోనే భోంచేసి వెళ్లాడు. అత్త అంత అబద్ధమాడి గెలిచిన చోట నేను నిజం చెప్పి గెలిచాను. ఆ ధైర్యం మాత్రం ఆమె ఇచ్చిందే.