కుంకుమ కింద శ్రుతి

ఎనిమిదేళ్లుగా సగం కట్ట బరువు మోస్తున్నాను. కట్టెల కట్ట కాదు. మా పాటగాళ్లు శ్రుతిని కట్టల్లో కొలుస్తారు. సగమే కదా అంటారేమో. మోసి చూడండి.

తిరుపతిలో మాదొక భజన బృందం. ఉద్యోగాలూ వంటలూ ముగించుకుని శనివారం సాయంత్రం పద్దెనిమిది మందిమి ఒక బడి మేడమీద చేరతాం. పుత్తూరు నుంచి మాస్టారు వస్తాడు. ఆ ఊళ్లో విరిగిన ఎముకలకు కట్టు కడతారు, ఈయన విరిగిన గొంతులకు కడతాడు. ఒక్క చరణాన్ని నెల రోజులు సాన పడతాడు. నా పని శ్రుతిపెట్టె. కరెంటుతో మోగే ఆ చిన్న పెట్టెను నేను తప్ప ఎవరూ తిప్పరు. గొంతుకు దక్కని గౌరవం వేళ్లకు దక్కిందని మురిసిపోయేవాణ్ని.

పాడేముందు మావాళ్లు పెట్టెకు చందనం, కుంకుమ పెట్టి మొక్కుతారు. బొట్టు మీద బొట్టు పడి, తిప్పే బిళ్ల చుట్టూ ఉన్న అంకెలు ఎప్పుడో మూసుకుపోయాయి. దేవుడి బొట్టు ఎవరు తుడుస్తారు?

ఎనిమిదేళ్ల కిందట పండుగకు నేర్చుకుంటున్న పాటలో పై షడ్జం దగ్గర ఒక గొంతు పగిలేది. నాది. మాస్టారు చేయెత్తి ఆపేవాడు. "ఎవురబ్బా అది? వచ్చే వారం ఒక్కొక్కరే పాడాల. అప్పుడు దొరకతాడు దొంగ."

దొరకలేదు. మరుసటి వారం అందరికంటే ముందే వెళ్లి బిళ్లను సగం కట్ట కిందికి తిప్పాను. వారం గడిచాక పాత శ్రుతి ఏ చెవికి గుర్తుంటుంది? పెట్టె పలికిందే మాకు వేదం. పై షడ్జం నా చేతికి అందే కొమ్మ అయింది.

కానీ నగరిలో చీరలు నేసే సరోజమ్మ ఉంది. రైల్లో వచ్చేది. పల్లవి ఆమె ఎత్తి ఇస్తే మేం అందుకునేవాళ్లం. పాట చివర ఆమె ఒక్కతే అడుగు స్వరానికి దిగాలి. అంతకుముందు అక్కడ ఆమె కాళ్లు నేలకు ఆనేవి. నేను నేలను కిందికి జరిపాను. మూడు వారాలు వెతుక్కుంది. నాలుగో వారం మాస్టారు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చాడు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, నా గొంతుకేమైనాది? నువ్వు పెట్టె పక్కనే కూసుంటావు. నిజం చెప్పు."

"వయసమ్మా. ఎవరికైనా అంతే."

"అంతేనంటావా?" నవ్వింది. "నీకేమన్నా! నీ గొంతు ఈ మధ్య బాగా లేస్తా ఉండాది."

ఆ తర్వాత ఆమె రాలేదు. మగ్గం దగ్గర కూడా పాడడం లేదని నగరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

బిళ్ల తిప్పినందుకు కాదు, ఆ ఒక్క మాటకే నాకు నిద్ర పట్టదు. ఎందుకంటే బిళ్లను మళ్లీ తిప్పొచ్చు, కానీ తన గొంతు ముసలిదైపోయిందని నమ్మి మగ్గం దగ్గర కూడా పాడడం మానేసిన మనిషిని ఏ వైపు తిప్పాలి? భయపడ్డానా? భయపడ్డాను. అయినా క్షమాపణ కోసం ఇది రాయడం లేదు. పాటంటే ప్రాణం ఉండి గొంతు లేనివాడికీ ఒక చోటు ఉండాలని ఇప్పటికీ అంటాను. ఆ చోటు కోసం మాస్టారుతో పోట్లాడాల్సింది. సరోజమ్మది తీసుకున్నాను.

పోయిన శనివారం ఆ పాటే మళ్లీ తీశాం. తడిగుడ్డతో పెట్టె తుడిచాను.

"అయ్యో, బొట్టు తుడస్తావేమన్నా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

పాత అంకెకు తిప్పాను. పాడాం. పైన పగిలింది. మాస్టారు చేయెత్తాడు. "ఎవురది?"

"నేనే సార్. ఎనిమిదేండ్లుగా నేనే. సరోజమ్మ గొంతుకేమీ కాలా. శ్రుతి దించింది నేను."

పెట్టె మోగుతూనే ఉంది. ఇది రాయడం ముగించి, రేపు నగరికి పోతాను. ఆమె తలుపు మూసినా బయట నిలబడి ఇదే చెబుతాను.

"పల్లవి నుంచి," అన్నాడు మాస్టారు చివరికి, నా వైపు చూడకుండా.

ఎత్తుకున్నాం. మళ్లీ పగిలింది. ఈసారి గొంతు తగ్గించలేదు.