మూడు రోజులు ఆడిన సినిమాకి ఇరవై మూడేళ్లు

మా లైబ్రేరియన్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏదైనా మొదలై ఇన్నేళ్లయిందని తెలిస్తే చాలు, దానికి వార్షికోత్సవం చేసేదాకా ఆయనకి నిద్ర పట్టదు. ఊరంతా ఆయన్ని వార్షికోత్సవం గారనే పిలిచేది.

చేస్తే పాతికేళ్లకో యాభై ఏళ్లకో చేయాలి కదా! ఈయన పద్నాలుగేళ్లకీ చేసేవారు, ముప్ఫై ఏడేళ్లకీ చేసేవారు. గుమ్మం పక్కన ఒక బల్ల, దాని మీద ఆ సంగతి తాలూకు పుస్తకాలు, పాత వారపత్రికలు, పాటల పుస్తకాలు, క్యాసెట్లు. ఇవన్నీ అటక మీంచి దింపి, దుమ్ము దులిపి పేర్చేది మాత్రం ఆయన కాదు, ఆయన దగ్గర సహాయకురాలిగా పనిచేసే నేను.

"ఈవేళ ఏమిటి సార్?" అనేదాన్ని భయంభయంగా.

"వారపత్రికలో డిటెక్టివ్ సీరియల్ ఆగిపోయి పంతొమ్మిదేళ్లు, అమ్మాయ్!"

"ఆగిపోయినందుక్కూడానా?"

"ఆగిందంటే ఒకప్పుడు నడిచినట్టేగా. నిచ్చెన తీసుకురా."

ఒక సోమవారం ఏమీ దొరక్క, ఆ బల్ల కొని పదకొండేళ్లయిందని దాని మీద వడ్రంగం పుస్తకాలు పెట్టించారు.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి కొత్త అధికారి తనిఖీకి వచ్చారు. వస్తూనే బల్ల మీద ఆ రోజు వార్షికోత్సవం పేరు రాసిపెట్టిన అట్ట చదివి, "మూడు రోజులు ఆడిన సినిమానా?" అన్నారు.

"సరిగ్గా చెప్పాలంటే రెండున్నరే సార్. మూడో రోజు మ్యాట్నీతో ఎత్తేశారు," అన్నారు లైబ్రేరియన్ గారు గర్వంగా.

"ఆడని సినిమాకి పండగేమిటండీ? యాభయ్యో వందో అయితే చేయండి. లేదంటే రేపట్నుంచి ఈ బల్ల ఇక్కడ కనిపించకూడదు."

లైబ్రేరియన్ గారి మొహం పాలిపోయింది. నాకు మాత్రం, అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది.

"యాభై ఏళ్లవాటికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు సార్. ఇలాంటివాటికే మనం పిలవాలి," అని ఆయన గొణిగారు. అధికారికి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

అంతలో ఒక పెద్దావిడ పోస్టుకార్డు పట్టుకుని లోపలికొచ్చింది. "నాకీ ఉత్తరం రాసిందెవరు నాయనా?"

లైబ్రేరియన్ గారు ఎదురెళ్లి ఆవిణ్ణి బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. వారపత్రికలో హీరోయిన్ బొమ్మ చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఈ జాకెట్టు కుట్టింది నేనే! ఈ కుచ్చులకే రెండు రోజులు పట్టింది. మా ఆయన పోయాక ఆర్నెల్లుగా గడప దాటలేదు. పిల్లలెంత పోరినా కదల్లేదు. కానీ నా సినిమాకి పండగంటే రాకుండా ఎలా ఉంటాను?"

అప్పుడు వెలిగింది నాకు. ఎవరైనా ఇంట్లో ముడుచుకుపోయారని తెలిస్తే ఈయన వాళ్లకో వార్షికోత్సవం వెతికి కార్డు రాస్తున్నారన్నమాట! ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు నా మీద నాకే సిగ్గేసింది.

అధికారి తనే కుర్చీ తెచ్చి ఆవిడకి వేశారు. వెళ్లేముందు లైబ్రేరియన్ గారిని పక్కకి పిలిచారు.

"మా అమ్మ రేడియో నాటకాల్లో చంటిపిల్లల ఏడుపు ఏడ్చేదండీ. ఇప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. మొదటిసారి ఏడ్చి ఎన్నేళ్లయిందో మాత్రం తెలియదు."

"ఆ లెక్క నాకొదిలేయండి సార్. గురువారం అమ్మగారిని తీసుకురండి."

గురువారం ఆవిడ వచ్చింది. మొదట బిగుసుకుపోయి కూర్చుంది. లైబ్రేరియన్ గారు రెండుసార్లు బతిమాలాక గొంతు సవరించుకుని క్యారుమంది. పిల్లల పుస్తకాల దగ్గర తల్లి ఒళ్లో ఉన్న నిజం చంటాడు జడుసుకుని తనూ అందుకున్నాడు. ఆవిడ పోటీగా ఇంకో స్థాయి పెంచింది. ఇద్దర్నీ ఊరుకోబెట్టలేక మా అధికారి చెమటలు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నారు.