రేడియో చెప్పిన ఊరిపేరు

మొన్న అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆమె సామానులో ఒక పాత రేకుపెట్టె వచ్చింది. మూత తీయగానే వాసన తగిలింది. ఎండకు బిగిసిపోయిన తోలుదీ, కారిపోయిన బ్యాటరీల చిలుముదీ, ఆ రెంటికీ అడుగున ఎక్కడో పలచగా, అరబ్బుల ఇళ్ళలో వేసే బుఖూర్ ధూపానిదీ. బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు మనామా బజారులో నాన్న కొన్న రేడియోకి తొడిగిన తోలుసంచీ అందులో ఉంది. రేడియో ఎప్పుడో పోయింది. ఆ సంచీని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంటే తొంభైల నాటి రిఫా, మూడో అంతస్తులో మా రెండు గదుల ఫ్లాటు, నేను నాలుగో తరగతి చదివిన ఏడాది కార్తీకమాసం ఒక్కసారిగా కమ్ముకున్నాయి.

బహ్రెయిన్‌లో ఎండాకాలం పోవడమంటే మాకు కిటికీలు తెరుచుకోవడమే. నెలల తరబడి ఏసీ హోరులో మూసుకుపోయిన ఇంట్లోకి నవంబరు గాలితోపాటు వీధంతా వచ్చేది. మూల కొట్టులో తందూరు గోడకు చరిచి కాల్చే రొట్టెల వాసన, పక్కింటి మలయాళీల కొబ్బరినూనె తాలింపు, కింద ఇసుకలో గోలీలాడే పిల్లల కేకలు, అన్నీ కలిసి గదుల్లో తిరిగేవి. ఆ పిల్లలతో నాకు వచ్చీరాని అరబ్బీలో స్నేహం. గెలిచినా "ఖలాస్" అనేదాన్ని, ఓడినా అదే మాట, అయిపోయిందని. అమ్మ బాల్కనీలో బియ్యప్పిండి ప్రమిదలు పెట్టి, గాలికి ఆరిపోకుండా నూనెడబ్బా రేకు అడ్డం నిలబెట్టేది. తులసి ఆ ఉప్పునీళ్ళకు బతికేది కాదు. తెచ్చిన మొక్కలన్నీ ఎండిపోయాక ఖాళీ కుండీకే పసుపు రాసి దణ్ణం పెట్టుకునేది.

శుక్రవారం సెలవు. ఆ రోజు మా ఇంట్లో పెత్తనం రేడియోది. నాన్న తుబ్లీలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. వారమంతా ఓవర్‌టైం చేసిన మనిషి, శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, బాల్కనీ కడ్డీకి రాగితీగ చుట్టి, దాని కొసను రేడియో ఏరియల్‌కు తగిలించి కూర్చునేవాడు. పగలంతా ఆ పెట్టెలో ఒక్క తెలుగు తప్ప లోకమంతా వినబడేది. మసీదు ప్రసంగాలు, లేస్తూ పడుతూ వచ్చే హిందీ పాటలు, ఏ దేశానివో తెలియని వార్తలు, వాటి మధ్య ఖాళీల్లో ఇసుక జారుతున్నట్టు ఒక సన్నని చప్పుడు. హైదరాబాదు మాత్రం పొద్దు వాలితేగాని అందేది కాదు. అందిన ఆ కాసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు.

మాతో వినడానికి ఇద్దరు వచ్చేవారు. రాజన్న జగిత్యాల వైపు మనిషి, తుబ్లీ క్యాంపులో ఉండి మేస్త్రీ పని చేసేవాడు. బహ్రెయిన్‌లో ఉంటూనే, తాను దుబాయికి వచ్చి చాలా ఏండ్లయిందని అనేవాడు. వాళ్ళ వైపు గల్ఫ్ దేశాలన్నిటికీ దుబాయే పేరు. నూకరత్నం మా వీధి చివర ఒక బహ్రెయినీ కుటుంబంలో ఇంటిపని చేసేది. ఆమెది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న పొన్నగరువు. భర్త లేడు. కూతురు బంగారిని తల్లి దగ్గర వదిలి వచ్చింది. బంగారిది నా ఈడే. అందుకేనేమో వచ్చినప్పుడల్లా నా జడ విప్పి మళ్ళీ అల్లేది, వేలికొసతో పాపిట తీస్తూ, బంగారి జుట్టు ఇంతకంటే ఒత్తని అమ్మతో చెప్పేది.

ఆ కార్తీకంలో ఒక శుక్రవారం పొద్దున హిందీ వార్తల్లో తెలిసింది, గోదావరి జిల్లాల దగ్గర తుపాను తీరం దాటిందని, చాలామంది పోయారని. ఏ ఊళ్ళో ఏమిటో చెప్పలేదు. కాసేపటికే నూకరత్నం వచ్చింది. ఆమెకు ఆ ఇంటి ఇల్లాలే టీవీలో చూసి చెప్పిందట. ఆ ఇల్లాలిని నూకరత్నం, అక్కడి పనివాళ్ళందరిలాగే, మామా, అంటే అమ్మగారూ, అని పిలిచేది. మర్నాడు తెల్లవారుజామున వాళ్ళంతా కారులో ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, బయలుదేరుతున్నారు. తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులూ ఇంట్లో ముసలావిడను చూసుకోవలసింది నూకరత్నమే. అయినా మామా మంచి మనిషి. మీ ఊరికి ఏమైనా అయిందని తెలిస్తే ఈ సాయంత్రంలోగా చెప్పు, బీరువాలోంచి నీ పాస్‌పోర్టు తీసి చేతికిస్తాను, టికెట్టు నేనే కొంటాను అందట. ఈ సంగతంతా నూకరత్నం గుమ్మంలో నిలబడే చెప్పింది. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

పొన్నగరువు పోస్టాఫీసుకు ఫోను ఉండేది. రాజన్న ఆ నంబరు తీసుకుని బజారులోని ఫోను బూత్‌కు వెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చాడు.

"కలుస్తలేదు సార్. అవుతల ఉత్త బుయ్యిమంటంది" అన్నాడు నాన్నతో. నూకరత్నం వైపు చూడలేక మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

అమ్మ గోంగూర పప్పు చేసింది, అప్పడాలు వేయించింది. నూకరత్నం కంచం ముట్టలేదు. ఊరికే ఉండలేక కోరాము ముందేసుకుని ఒక కొబ్బరికాయ కోరింది, ఎవరూ అడగకుండానే ఇంకొకటి కోరింది. నా జడ విప్పి అల్లి, బాగా రాలేదని మళ్ళీ విప్పింది. నాన్న రేడియో ముల్లు తిప్పుతూనే ఉన్నాడు. పాటలు, ప్రసంగాలు, ఈలలు, మళ్ళీ పాటలు. ఎక్కడో ఎవరో నవ్వుతున్న నాటకం తగిలితే చటుక్కున దాటించేశాడు.

సాయంత్రం నమాజు పిలుపు ముగిసి, ఎదుటి మేడల మీద ఎర్రటి ఎండ కరిగిపోతున్నప్పుడు తెలుగు తగిలింది. నాన్న స్పీకరుకు చెవి ఆనించాడు. నేను ఆయన మోకాలి పక్కన కూర్చున్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో, నూకరత్నం తలుపు వారగా నేల మీద. రాజన్న బాల్కనీలో రాగితీగను గుప్పిట పట్టుకుని నిలబడ్డాడు. మనిషి పట్టుకుంటే గొంతు కాస్త తేటపడేది. వార్తలు చదివే ఆయన తొందర లేని గొంతుతో మండలాల పేర్లు చెప్పాడు. గొంతు మునిగేది, తేలేది. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన గ్రామాలు అంటూ కొన్ని పేర్లు మొదలుపెట్టాడు. వాటి మధ్యలో పొన్నగరువు అన్నాడు. నాకు వినిపించింది. ఆ తరవాత పెద్ద గరగర లేచి అంతా కప్పేసింది. మళ్ళీ తేలేసరికి మంత్రిగారి పర్యటన గురించి చెబుతున్నాడు.

"ఏవన్నారండి సారూ?" అంది నూకరత్నం. "మా ఊరి పేరు గాని చెప్పేరాండి?"

నాన్న వెంటనే తల ఎత్తలేదు. ముల్లును కొంచెం అటూ ఇటూ కదిపాడు. తరవాత ఆమె వైపు తిరిగాడు.

"లేదమ్మా. మీ ఊరి పేరు రాలేదు."

నేను నాన్న ముఖం చూశాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. నూకరత్నం కాసేపు ఆయననే చూసింది. అప్పుడు కొంగుతో ముఖం తుడుచుకుని, అమ్మను అన్నం పెట్టమని అడిగింది. పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగని మనిషి, పప్పు కలుపుకుని, కొబ్బరిపచ్చడి వడ్డించుకుని, మారు అడిగి మరీ తింది. బంగారికి వానంటే ఎంత సరదానో చెప్పింది. చీకటి పడుతుండగా మెట్లు దిగి వెళ్ళి, మా ఊరు బాగానే ఉందని మామాతో చెప్పింది. మర్నాడు వాళ్ళు ఉమ్రాకు వెళ్ళిపోయారు.

వాళ్ళు తిరిగొచ్చాక మామా ఇంటికి ఫోను వచ్చింది. నూకరత్నం బావ, దూరపు ఊరివాడు, దారులు తెరుచుకున్నాక పొన్నగరువు వెళ్ళి చూసి చేశాడు. ఆమె తల్లి ఆ రాత్రే నీళ్ళలో పోయింది. ఊరివాళ్ళు దొరికిన శవాలన్నిటితోపాటు కలిపి కాల్చేశారు. బంగారిని ఎవరో బడి డాబా మీదికి ఎక్కించారు, బతికింది. అన్ని రోజులూ ఆ బడిలోనే, ఎవరు పెడితే వాళ్ళ చేతి ముద్ద తిని, ఎవరి పక్కన చోటుంటే అక్కడ పడుకుంది. మామా ఏడ్చి, ఆ రోజే టికెట్టు కొని నూకరత్నాన్ని పంపింది.

వేసవి మొదలయ్యాక నూకరత్నం తిరిగొచ్చింది. మా వంటింట్లో పీట మీద కూర్చుని అమ్మకు చెబుతుంటే హాల్లో నేనూ నాన్నా విన్నాం.

"పిల్ల నా దగ్గరికి రాలేదండి అమ్మగారూ. పరాయిదాన్ని చూసినట్టు చూసింది. బళ్ళో అందరి అమ్మలూ వచ్చేరు, నువ్వే రాలేదు అంది."

నాన్న లేచి రేడియో కట్టేశాడు. అప్పుడు అందులో పాటేదో వస్తోంది. ఆ తరవాత ఆయన తెలుగు వార్తలు పెట్టడం నేను చూడలేదు. రాగితీగ కడ్డీకి అలాగే ఉండి పచ్చబడిపోయింది. నూకరత్నం అప్పుడప్పుడూ వచ్చేది, వంటింట్లోనే కూర్చుని వెళ్ళేది, నా జడ ముట్టుకునేది కాదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి నాన్న తనంతట తానే ఆ మాట ఎత్తాడు. "ఒక్క పూట అన్నం తింటుందనుకున్నానమ్మా. అంతవరకే ఆలోచించాను" అన్నాడు. ఆయన నిద్రలో పేర్లు చదువుతున్నట్టు గొణిగేవాడని అమ్మ అంటుండేది. నాన్న పోయి మూడేళ్ళయింది.

రిఫాలో మేమున్న ఇల్లు కూల్చేశారని విన్నాను. రాజన్న ఎక్కడున్నాడో, నూకరత్నం ఉందో లేదో, బంగారికి ఎందరు పిల్లలో తెలిసే దారి లేదు. ఇప్పుడు తుపాను పుట్టకముందే దాని దారి అరచేతిలో కనబడుతోంది. ఏ ఊరు మునిగిందో అందరికీ ఒకే క్షణంలో తెలిసిపోతోంది. ఏమన్నారని మరొకరి ముఖంలోకి చూసి అడిగే పని లేదు. ఆ ముఖం ఒక మాట దాచుకోవడానికి వ్యవధీ లేదు.

తోలుసంచీ ఒళ్ళో పెట్టుకుని, నాన్న ఆ రోజు ఉన్నమాట చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది అన్నాను అమ్మతో. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"రత్నానికీ వినపడింది" అంది. "ఊరి పేరు వినపడకుండా ఎలా పోతుందే? మీ నాన్న లేదనేసరికి, లేదనే అనుకుందామనిపించిందట. తిరిగొచ్చిన రోజు, మీరు హాల్లోంచి లేచి వెళ్ళగానే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుంది. బంగారి చెవిన పడితే ఇక జన్మలో అమ్మా అనదని."

"నాన్నకైనా చెప్పలేకపోయావా?"

అమ్మ నా ఒళ్ళోంచి సంచీ తీసుకుంది.

"మాటిచ్చాను కదే. ఆస్పత్రిలో ఆఖరి రోజున, ఇక చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. చెప్పాను కూడా. అప్పటికే ఆయనకు వినపడటం లేదు."