బండి సూది

మనవడి పాత మోటారుసైకిలు కింద పెట్రోలు కారుతుంటే, మెకానిక్ కార్బురేటర్ విప్పి "సూది ఇరికింది" అన్నాడు. నా చెయ్యి చటుక్కున జబ్బ మీదికి పోయింది.

నైజాం కాలంలో, నారాయణఖేడ్‌లో ప్లేగు సూదులు వేసే డాక్టరు ఫట్‌ఫటి మోటారుసైకిలు మా ఇంటి ముందే ఆగిపోయింది. గుప్పున ఇదే వాసన. "సూది ఇరికింది, జల్దీ తియ్యాలె," అని ఆయన నాయనతో అంటుంటే, ఎవరి జబ్బలోనో సూది ఇరుక్కుపోయిందనుకున్నాను. జొన్నల గుమ్మి వెనక నక్కాను.

"భయమేందే బిడ్డా, గా సూది బండిది!" అంది అమ్మ. నమ్మి బయటికొచ్చాను.

డాక్టరు సబ్బుతో చేతులు కడుక్కుని, మందుల పెట్టె తెరిచాడు.

"బండి సూది అయింది. ఇగ నీది."

అమ్మ సగమే చెప్పిందని ఎంత ఏడ్చానో! ప్లేగు మా వాడ దాటిపోయాక గానీ, ఆ చెప్పని సగమే నన్ను బతికించిందని తెలియలేదు.