గాలిలో ఆగిన గద్ద

చలికాలం మొదట్లో మేనమామ దుబాయి నుంచి తెచ్చిన వీడియోగేమ్ పెట్టె తొమ్మిది వోల్టుల అడాప్టరుతో నడిచేది. ఆటను గుర్తుంచుకునే ఏర్పాటు దానిలో లేదు. కరెంటు పోతే ఎంత దూరం వచ్చినా మళ్లీ మొదటి నుంచే. ఆర్మూరు చుట్టూ పసుపు ఉడికించే కాలంలో, పొలాల మోటార్లన్నీ ఒకేసారి నడిచే రోజుల్లో, ఆ ఆటను పూర్తిచేయడం దాదాపు అసాధ్యం. అక్కా నేనూ ఎన్నడూ చివరిదాకా చేరలేదు.

ఆటలో ముగ్గురు వీరులు ఒక జట్టు. తెర మీది అక్షరాలు మాకు తెలియని భాషవి కాబట్టి పేర్లు అక్కే పెట్టింది. రాళ్లు విసిరే లావుపాటివాడు రోలు, మంటలు కక్కేవాడు పొయ్యి, రెక్కలున్న తెల్లని స్త్రీ గద్ద. గద్ద ఎప్పుడూ అక్కదే. "నువ్వు నేల మీద నడువు తమ్మీ, ఎగురుడు నీతోని కాదు" అనేది.

ఆ సాయంత్రం గద్ద ఒక లోయ అంచు నుంచి ఎగిరింది. సగం దూరంలో ఉండగా అక్క పాజ్ బటన్ నొక్కి, దాన్ని గాలిలోనే నిలిపి, రెండు చేతులతో తల పట్టుకుంది. జ్వరం అంతకుముందే మొదలై ఉంది. నాయన ఆటో పిలిచాడు. గడప దాటుతూ అక్క వెనక్కి తిరిగింది.

"బంద్ చెయ్యకు తమ్మీ. నేనొచ్చి నేనే దింపుత."

నిజామాబాద్ దవాఖానలో మెదడువాపు అన్నారు. అమ్మ అక్కడే ఉండిపోయింది.

నాయనమ్మకు ఆట అర్థం కాదు, అఖండదీపం అర్థమవుతుంది. మొక్కు తీరేదాకా దీపం కొండెక్కకూడదు. ఆమె పసుపు కొమ్ము కట్టిన దారాన్ని టీవీ చుట్టూ కట్టి, "గిది మలగొద్దు" అంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. ఆ పెట్టెకూ మనిషి ప్రాణానికీ సంబంధం లేదని చెప్పగలిగేంత చదువు నాకుంది. చెప్పలేదు. ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చాను.

మా చిన్న టీవీ పన్నెండు వోల్టుల బ్యాటరీతో నేరుగా నడుస్తుంది. పెట్టె కోసం మధ్యలో వోల్టులు తగ్గించే రెగ్యులేటరు పెట్టాను. అసలు చిక్కు వేరే. కరెంటు పోయాక బ్యాటరీ తగిలిస్తే ఆట అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. అందుకని అడాప్టరు తీగను తెంపకుండా పైతొడుగు మాత్రం గీకి, బ్యాటరీ తీగను, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ద్వారా, దానికి అతికించాను. ఒకటి ఆగగానే రెండోది అందుకుంటుంది. ఆ పని ముగిసేదాకా కరెంటు పోలేదు. ఆ ఘనతను నాయనమ్మ తన దారానికే కట్టబెట్టింది.

బట్టలు తీసుకుపోవడానికి దవాఖాన నుంచి వచ్చిన నాయన తీగలన్నీ చూశాడు.

"బ్యాటరీ బొమ్మలకు పెడ్తే, పసుపు మార్కెట్‌కెట్ల పోవాలె? ట్రాక్టర్‌ను నువ్వు నూకుతవానే అవ్వా?"

"నూకుత తియ్. నిన్ను గన్నదానికన్న ఎక్కువ కష్టమా?"

నాయన తెర వంక చూశాడు. అప్పటి నుంచి ట్రాక్టరును పెర్కిట్ వైపు వాలులో నిలిపి, దొర్లించి స్టార్ట్ చేసుకునేవాడు.

ఒకే బొమ్మ కదలకుండా నిలిస్తే తెర లోపలి పూత కాలుతుందని, వెలుగు తగ్గిద్దామని నాయనమ్మతో అన్నాను.

"బిడ్డను చీకట్ల పెడ్తవారా?"

వెలుగు తగ్గించలేదు. ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతిసారీ, ఎవరో మాట మధ్యలో ఆపి నా వైపు చూస్తున్నట్టు ఉండేది.

మార్కెట్‌లో పసుపు కుప్పలు తరిగే వేళకు అక్క ఇంటికి వచ్చింది. చేతులు వణికేవి. మమ్మల్ని అందరినీ గుర్తుపట్టింది. ఆ చలికాలపు జ్ఞాపకం మాత్రం ఆమెలో ఎక్కడా లేదు. ఆడే రిమోటును చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది తమ్మీ?"

"నీదే బిడ్డా" అంది నాయనమ్మ. "గద్దను దింపు."

అక్క తెరను శ్రద్ధగా చూసింది. తర్వాత, పరాయి ఇంట్లో వడ్డన వద్దన్నంత మర్యాదగా, "నాకు రాదు నాయనమ్మా" అంది.

నేను బటన్ నొక్కి ఉంటే గద్ద అవతలి అంచుకు చేరేదో, లోయలో పడేదో తెలిసేది. దింపుతానన్నది అక్క. నేను నొక్కలేదు. నాయనమ్మ దారం విప్పి, పసుపు కొమ్మును కొంగున ముడి వేసుకుంది. "మనిషి ఇల్లు చేరింది గద. తియ్యి" అంది. స్విచ్ ఆపేశాను.

మర్నాడు టీవీలో వార్తలు పెట్టినప్పుడు తెలిసింది. ఎక్కువ వెలిగిన చోటే పూత ఎక్కువ కాలింది. తెల్లని గద్ద ఇప్పుడు నల్లని నీడ. వార్తలు చదివే ఆమె భుజం పైన, రెక్కలు చాచి, కింద నేల లేకుండా నిలిచి ఉంది.

అక్క దుప్పటి కప్పుకుని చూస్తోంది. చాలాసేపటికి నన్ను పిలిచింది.

"తమ్మీ, గామె భుజం మీద ఎవరో ఎగురుతున్నరు."

నేను టీవీ దగ్గరికి వెళ్లాను.

"ఎంతసేపని గట్లనే ఉంటది పాపం. జర దింపరాదుర."