అంచు నూనె వైపు

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మెకానిక్‌గా నలభై ఏళ్లు చేసి రిటైరైన ఆయన, తన పాతకాలం కారు గేర్‌బాక్సులోంచి నూనె కారుతోందని ఇంట్లోనే దాన్ని విప్పి, భోజనాల బల్ల మీద రబ్బరు సీళ్లు మారుస్తున్నాడు. “సీలు అంచు నూనె వైపు చూడాలిరా, దద్దమ్మల్లారా!” అని షెడ్డులో పనివాళ్లను తిట్టిన తిట్లన్నీ ఇంటికొచ్చి భార్యకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడకవి కంఠతా వచ్చేశాయి.

“ఏమండీ, ఆ సీలు తిరగేసి పెట్టినట్టున్నారు,” అంది.

“నోర్మూసుకుని నీ పని చూసుకో. నాకు నేర్పొచ్చావా?”

నాలుగు రోజులు నడుం విరగ్గొట్టుకుని అంతా బిగించి స్టార్టు చేస్తే, రివర్సు గేరు పడలేదు. మళ్లీ దింపి విప్పాడు. ఆ సీలు తిరగేసే ఉంది, అందుకే లోపల నూనె ఒత్తిడి నిలవలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“సరుకే నాసిరకం,” అన్నాడు తలెత్తకుండా.

“అవునండీ,” అందావిడ. పెళ్లయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఏది చెడినా తప్పు సరుకుదే. ఆవిడ కొత్త సీలు తీసి, అంచు సరైన వైపుకు తిప్పి అందించింది. ఆయన విసురుగా లాక్కుని, ఆవిడ తిప్పిన వైపే పెట్టి నొక్కాడు.

“చూశావా? ఇలా పెట్టాలి. బుర్రకెక్కించుకో,” అన్నాడు.