కొండ కాపాడుతుందన్న మాట

నా చిన్నప్పుడు గాలికి ఇల్లు కూలుతుందని ఎవరైనా చెబితే మా చింతామణిలో నవ్వేవాళ్ళు. ఆషాఢంలో గాలి లేచిందంటే అంగళ్ళ ముందు కట్టిన గోనెపట్టాలు ఎగిరిపోయేవి, కళ్ళలో దుమ్ము పడేది, అంతే. తుఫాను అన్న మాట మాకు రేడియోలోనే తెలుసు. మద్రాసు పక్క తుఫాను వచ్చిందంటే మా వైపు నాలుగు రోజులు ముసురు పట్టేది. ఆరబోసిన శనక్కాయలు లోపలికి ఎత్తుకోవలసి వచ్చిందని పెద్దవాళ్ళు విసుక్కునేవాళ్ళు. సముద్రాన్ని కళ్ళతో చూసినవాళ్ళు మా వీధిలో ఒకరో ఇద్దరో. మాకు తెలిసినవి బండలు. ఊరి చుట్టూ ఎటు చూసినా బోడి బండకొండలే.

మా తాతయ్యకు బజారు వీధిలో చింతపండు, శనక్కాయల మండీ ఉండేది. మా ఇల్లు దాని వెనకే. ఆయన మంచి మాటకారి. చింతపండు తూచి ఇచ్చాక చేతి నిండా కొసరు వేసినట్లు, వచ్చినవాళ్ళకు ధైర్యం కూడా కొసరు వేసి పంపేవాడు. ఎద్దు మేత ముట్టలేదని ఒకరు వచ్చేవాళ్ళు, కూతురి కాన్పు కష్టంగా ఉందని ఇంకొకరు వచ్చేవాళ్ళు. అందరికీ ఆయన దగ్గర ఒకటే మందు, ‘ఏం కాదులే పోప్పా’ అని. చాలాసార్లు నిజంగానే ఏమీ కాకుండా పోయేది. దానితో ఆయన నోట వచ్చిందంటే జరిగినట్లే అని ఊళ్ళో ఒక నమ్మకం కుదిరిపోయింది. నాకు అప్పుడు పదేళ్ళుంటాయేమో. దేవుడి మాటకైనా తిరుగుంటుందేమో గానీ మా తాతయ్య మాటకు ఉండదనుకునేదాన్ని.

మా పక్కింటి అక్క మిట్టేమరి నుంచి కోడలుగా వచ్చింది. ఇంట్లో ఆమె, భర్త, అత్త, ముగ్గురే. భర్తకు రేష్మె ఇలాఖాలో, అంటే పట్టు పరిశ్రమ శాఖలో, ఉద్యోగం. దిబ్బూరహళ్ళి చుట్టుపక్కల పల్లెలు తిరిగి, పట్టుపురుగులు పెంచే రైతులకు మెలకువలు చెప్పేవాడు. ఆ ఏడు ఇలాఖావాళ్ళు ఆయనను, ఇంకా కొందరిని, పురుగుల పెంపకం నేర్చుకుని రమ్మని జపానుకు పంపారు. డెబ్బైలలో మా వీధి నుంచి ఒక మనిషి విమానమెక్కడమంటే మాటలా! బస్సు దగ్గరికి వీధి వీధంతా వెళ్ళి సాగనంపింది. అక్క మాత్రం గడప దాటి రాలేదు. ఆయన ఉండేది కొండలతో నిండిన ఒక దీవిలో, సరిగ్గా కొండ అడుగున ఉన్న పల్లెలో. కిటికీ తీస్తే ఎదురుగా కొండే కనిపిస్తుందని రాశాడట. మన ఊరి మాదిరే ఉండాదంట అని అక్క అందరికీ చెప్పుకుని సంతోషపడింది.

వినాయక చవితి వెళ్ళిన కొద్ది రోజులకు, మా చిన్నాయన ఇంగ్లీషు వార్తలు వింటూ వింటూ లేచి నిలబడ్డాడు. బెంగళూరులో చదువుకుని వచ్చి మండీలో కూర్చున్న మనిషి ఆయన. రేడియోలో ఇంగ్లీషు అర్థమయ్యేది మా ఇంట్లో ఆయనొక్కడికే. చాలా పెద్ద తుఫాను ఒకటి జపాను వైపు పోతోందని, అక్క భర్త ఉన్న దీవి మీదికే రావచ్చని చెబుతున్నారట. నా స్కూలు అట్లాసు తెప్పించి అరుగు మీద పరిచాడు. తాతయ్య మండీలోంచి ఒక చింతగింజ తెచ్చి, తుఫాను ఇదనుకోరా అని చేతికిచ్చాడు. అప్పటినుంచి వార్తలు వచ్చినప్పుడల్లా చిన్నాయన పొట్లాలు కట్టే దారంతో అట్లాసు అడుగున ఉన్న స్కేలు గీతను కొలిచి, గింజను నీలం రంగు మీద కాస్త కాస్త పైకి జరిపేవాడు. వీధిలోని మగవాళ్ళంతా గడ్డాల కింద చేతులు పెట్టుకుని చూసేవాళ్ళు. ఆ దీవి నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. చింతగింజ దానికంటే పెద్దది. అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

అక్క మా అరుగు స్తంభం వెనక నిలబడి అన్నీ వినేది. ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని ఆమె అత్త వచ్చి మా అవ్వతో చెప్పుకుని ఏడ్చింది. గింజ దీవికి బాగా దగ్గరైన సాయంత్రం తాతయ్య ఆమెను ముందుకు పిలిచాడు. కొండ కింద ఉన్నవాడికి గాలి భయమేముందని మొదలుపెట్టాడు. మన మండీ గోదాము బండ చాటున ఉంది కదా, ఇన్నేళ్ళ గాలికి దాని పెంకు ఒకటైనా లేచిందా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు లేదు లేదన్నారు. గాలి సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళను కొడుతుంది గానీ కొండ అడ్డం ఉన్నవాళ్ళను ఏం చేయగలదని మిగతావాళ్ళూ అందుకున్నారు. పుట్టినప్పటినుంచి బండల కింద బతికిన మాకు ఆ మాట రెండు రెళ్ళు నాలుగన్నంత నిజంగా కనిపించింది.

‘‘కొండ కాపాడుతాది తల్లీ. నా మాట నమ్ము. పోయి తిని పండుకో,’’ అన్నాడు తాతయ్య.

అక్క నమ్మింది. ఆ పూట వాళ్ళ పొయ్యి వెలిగింది. మా ఇంటికి వేడి వేడి చారు కూడా పంపింది. మా తాతయ్య నాకు ఆ రోజు ఊరికంతా రాజులాగా కనిపించాడు.

మర్నాడు తుఫాను దీవి మీదికి ఎక్కిందన్నారు. ఆ తరువాత వచ్చిన వార్తలకు చిన్నాయన ముఖం మాడిపోయింది. గాలి సంగతి అటుంచి, ఎడతెగని వానకు కొండలు నాని జారిపోయాయట. కొండ అడుగున ఉన్న పల్లెల మీద పడ్డాయట. ఎన్ని ఇళ్ళు, ఎంతమంది అన్నది ఇంకా తెలియదట. దారులు తెగిపోయాయట. తాతయ్య ఆ మాటను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. కొండ జారేదేందిరా, రాయి యాడన్నా జారుతుందా అని కోప్పడ్డాడు. అక్కడి కొండలు మన వాటిలాగా బండలు కావని, మట్టి, చెట్లు, నానితే కదిలిపోతాయని చిన్నాయన నేల చూస్తూ చెప్పాడు. నేను వీధిలోకి వెళ్ళి మా ఊరి కొండను చూశాను. అది ఎప్పటిలాగే ఉంది. పడుతుందని ఎన్నడూ అనుకోనిది పడితే ఇంక దేని కింద నిలబడాలో నాకు తెలియలేదు.

అదృష్టమో కాదో, అక్క అప్పుడు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఆమెకు చెప్పొద్దని మా అవ్వ అంది. రేడియో చెడిపోయిందని చెప్దామని ఇంకొకరన్నారు. అందరూ సరేనన్నారు. తాతయ్య మాత్రం కండువా భుజాన వేసుకుని లేచాడు. ఎక్కడికని అవ్వ అడుగుతుండగానే గడప దాటాడు. నేను వెంటపడ్డాను.

పక్కింటి నడవలోకి వెళ్ళి, ఎప్పుడూ దిండుకు ఆనుకుని కూర్చునే మనిషి వట్టి నేల మీద కూర్చున్నాడు. అక్క తడిచేతులతో వచ్చి నిలబడింది.

‘‘అమ్మా, కొండ కాపాడుతాదని నిన్న నీకు చెప్తిని. ఆడ కొండలే జారి ఊర్ల మీద పడినాయంట. ఆయప్ప ఎట్లుండాడో ఎవురికీ తెలీదు. నాకూ తెలీదు.’’

అక్క ఏడవలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ అడిగింది.

‘‘నిన్న కూడా తెలీకనే చెప్తిరా అప్పా?’’

‘‘తెలీకనే చెప్తినమ్మా.’’

ఆమె అత్త గుండెలు బాదుకుంది. దీపాలు పెట్టే వేళ ఇంటికొచ్చి ఇదా చెప్పే మాట అని తాతయ్యను నానా మాటలూ అంది. ఊళ్ళో ఆయనను అట్లా అన్నవాళ్ళు అంతవరకు లేరు. తాతయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. నాకు సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆయన ఎందుకు నోరు మూసుకుని ఉండలేదని ఆయన మీదే కోపం వచ్చింది. కొండ జారడం కంటే ఆయన మాట జారడమే నాకు పెద్ద ప్రమాదంగా తోచింది.

మర్నాడు మొదటి బస్సుకే తాతయ్య చిన్నాయనను బెంగళూరులోని ఇలాఖా ఆఫీసుకు పంపాడు. కబురు తెలిసేదాకా తిరిగి రావద్దన్నాడు. పండుగకు కూడా తలుపు వేయని మా మండీకి తాళం పడింది. తాతయ్య పొద్దున్నే వెళ్ళి పక్కింటి అరుగుకు ఒక కొసన కూర్చునేవాడు. రెండో కొసన అక్క. మాటల పుట్ట లాంటి మనిషికి ఇప్పుడు ఒకటే మాట. అక్క ఎప్పుడైనా, ఆడ ఇప్పుడు వాన నిలిచింటాదా అప్పా అనేది. తెలీదమ్మా అనేవాడు. ఇంటికి పోయి భోంచేసి రండి అంటే మాత్రం కదిలేవాడు కాదు. మూడో పూటకు అక్క తనే లోపలికి వెళ్ళి ఇద్దరికీ గంజి తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా తాగారు. ఆ గంజి తాగడం చూసి అత్త కూడా తాతయ్యను తిట్టడం మానేసింది.

చిన్నాయన తిరిగి వచ్చిన మధ్యాహ్నం బస్టాండు దగ్గరే జనం చుట్టుకున్నారు. బతికుండాడంట అన్న కేక ఆయనకంటే ముందు వీధిలోకి వచ్చింది. ఆడవాళ్ళు పరుగెత్తి వెళ్ళి అక్కను పట్టుకుని ఊపేశారు. ఆమె రాయిలాగా కూర్చుంది. ఎవరి మాటా చెవికెక్కినట్లు లేదు. తాతయ్య ఆమె దగ్గరికి వెళ్ళలేదు. చిన్నాయనను పక్కకు తీసుకెళ్ళి, ఎవరు చెప్పారు, తంతి నువ్వే చూసినావా, అందులో ఆయప్ప పేరుందా అని ఒక్కొక్కటే అడిగాడు. జనం విసుక్కున్నారు, శుభమా అని కబురొస్తే ఈ పంచాయితీ ఏమిటని. తంతి తానే చదివానని, అందులో పేరుందని చిన్నాయన చెప్పాడు. కొండ జారడానికి ముందు రోజే అక్క భర్తను, తోటివాళ్ళను అక్కడి నుంచి మైదానంలో ఉన్న బడికి తరలించారట. ఆయనకు అక్కడ అన్నం పెట్టిన ముసలావిడ మాత్రం ఇల్లు వదలనని ఉండిపోయిందట. ఆ ఇల్లు ఇప్పుడు లేదట. అంతా విన్నాక తాతయ్య వచ్చి అక్క ముందు నిలబడ్డాడు. ఆమె తల ఎత్తింది.

‘‘మీరు చెప్పండప్పా. తెలిసి చెప్తాండారా?’’

‘‘తెలిసే చెప్తాండాను తల్లీ. బతికుండాడు.’’

అప్పుడు ఏడ్చింది అక్క. అన్ని రోజులు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఊరంతా కేకలేస్తే నమ్మని మనిషి, తప్పు చెప్పానని తన ఎదుట తలవంచిన ఒక్కడి మాట నమ్మింది. తాతయ్య మీద నాకున్న కోపం అక్కడే చచ్చిపోయింది. ఆయన రెండు చేతులతో కండువా ముఖానికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ‘మా అవ్వ దగ్గర ధైర్యం దొరకదు’ అని ఇప్పుడు నా మనవళ్ళు నన్ను ఎగతాళి చేస్తారు. నిజమే. ‘ఏం కాదులే’ అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, నాకు అక్క చూపు గుర్తుకొచ్చి ఆగిపోతుంది. మొన్న ఆసుపత్రి వరండాలో ఒకావిడ, లోపల భర్తకు ఆపరేషన్ జరుగుతుంటే, ఏమీ కాదు కదమ్మా అని నా చెయ్యి పట్టుకుంది. నాకు తెలియదమ్మా, నువ్వు పొమ్మనేదాకా ఇక్కడే ఉంటాను అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.